హాయి నిద్ర క్లాసు

ఊపిరి పీల్చడం కూడా మీరే నేర్పాలా మేడమ్ మాకు? పొట్ట ఉబ్బించి పీల్చాలట, మెల్లిగా లెక్కపెట్టుకుంటూ వదలాలట! ఊపిరి ఆగిపోయినవాళ్ళ ఛాతీ మీద రెండు చేతులూ వేసి నొక్కి నొక్కి తిరిగి తెప్పించే మనుషులం. మాకా చెప్పేది ఊపిరి సంగతి?

ఆఁ ఆఁ, నోరు తెరవకండి! డాక్టరుగారు ఏమన్నారు? వారం దాకా ఒక్క మాట బయటికి రాకూడదన్నారా లేదా? గుసగుస కూడా వద్దన్నారు. గుసగుసలాడితే గొంతు ఇంకా ఒరుసుకుంటుందట. గొంతులో కాయ తీసిన చోటు పచ్చి పుండు కదూ. పలక ఇచ్చాం, కావాలంటే రాయండి. అదీ తర్వాత. ముందు ఈ మాత్ర వేసుకోండి. నీళ్ళు మెల్లిగా.

విచిత్రం చూడండి. ఇన్నేళ్ళలో మీరు నోరు మూసుకుని నేను మాట్లాడటం ఇదే మొదలు. ఎప్పుడూ మైకు పట్టుకుని మీరు, కుర్చీల్లో మేము. ఇవాళ దేవుడు మైకు నా చేతికిచ్చాడు, కాసేపు భరించండి. డాక్టర్లు భోజనాలకి పోయారు. వార్డు సద్దుమణిగింది. నాకూ తొందర లేదు, మీకా పారిపోయే దారి లేదు.

పొద్దున పలక మీద రాసి చూపించారు కదా, "పిచ్చుక ఎలా ఉంది?" అని. నేను జవాబు చెప్పకుండా పక్క దుప్పటి సర్ది వెళ్ళిపోయాను. కోపం వచ్చింది మేడమ్. నిజం చెబితే మీ గొంతు కుట్లు నేనే విప్పుతానేమో అనిపించింది. అందుకే పోయాను. ఇప్పుడు కాస్త చల్లబడ్డాను కనక చెబుతా. మొదట్నుంచీ చెబుతా. మీకు తెలిసింది ఒక ముక్కే.

ఈ ఆసుపత్రిలో రోగుల ఆరోగ్యం మేం చూస్తాం, మా ఆరోగ్యం చూడటానికి మిమ్మల్ని తెచ్చి పెట్టారు. బాగానే ఉంది. సంతోషించాం కూడా. నైట్ డ్యూటీకి ఇంకో మనిషిని వేస్తారేమో, కాళ్ళు వాచిపోయిన ముసలి నర్సులకి కుర్చీలేస్తారేమో అనుకున్నాం. ఆశకి హద్దేముంది!

మీరొచ్చి ఏం చేశారు? ముందు అందరికీ నీళ్ళ సీసాలు పంచారు. నీళ్ళు తాగండి, నీళ్ళు తాగండి అని. తాగాం. తాగితే మరి వెళ్ళాలా వద్దా? ఆపరేషన్ థియేటర్లో నిలబడినదాన్ని ఎవరు వదుల్తారు? రెండో వారానికి ఆ సీసాల్లో మందార కొమ్మలు గుచ్చి కిటికీల్లో పెట్టుకున్నారు మా వాళ్ళు.

ఆ తర్వాత మెట్లు. సిబ్బంది లిఫ్టు ఎక్కకూడదు, మెట్లెక్కితే గుండెకి మంచిదన్నారు. మా అంబులెన్సు డ్రైవరు, ఆ పొట్టాయన, అందరి ముందూ అడిగేశాడు గుర్తుందా? "నేనెక్కుతానండి, నాకేం. నా స్ట్రెచర్‌కి కూడా మెట్లు నేర్పుతారా?" అని. హాలంతా గొల్లుమంది. మీరూ నవ్వారు. నవ్వి, అతని పేరు రాసుకున్నారు.

ఇవన్నీ తాటాకు చప్పుళ్ళు. నవ్వుకుని ఊరుకున్నాం. వినేవాడు వెర్రివాడైతే చెప్పేవాడు వేదాంతి అని, వెర్రివాళ్ళలా తలూపాం. కడుపులో మంట ఎప్పుడు మొదలైందో తెలుసా? మీరు మా మంచాలు తీయించిన రోజు.

మూడో అంతస్తు చివర, గుడ్డలుతికే గది పక్కన, రెండు ఇనప మంచాలు ఉండేవి. పరుపులు చిరిగి పీచు బయటికొచ్చేది. అయినా అవి మాకు సింహాసనాలు. నైట్ డ్యూటీలో వంతులేసుకుని, ఒకరి తర్వాత ఒకరం, చెప్పులైనా విప్పకుండా కాసేపు నడుం వాల్చేవాళ్ళం. అంతే మా భోగం.

మీరొచ్చి ఆ గదికి లేతాకుపచ్చ రంగేయించారు. మంచాలు పాత సామాన్ల కొట్లో పడేయించారు. నేల మీద మెత్తటి బస్తాల్లాంటివేవో పరిపించారు, కూర్చుంటే లేవలేం, లేస్తే నడుం రాదు. మూలనో ప్లాస్టిక్ చెట్టు. బుడుబుడుమని నీళ్ళు పడే బొమ్మ ఒకటి. గోడ మీద ఒక తెల్లటి పిల్ల కళ్ళు మూసుకుని నవ్వుతూ పడుకున్న బొమ్మ. కింద, "నిద్రే మహాభాగ్యం."

దానికి "విశ్రాంతి మూల" అని పేరు. వస్తువులు పోతాయని తాళం. తాళం చెవి సెక్యూరిటీ అతని దగ్గర. రాత్రయితే అతనా గదిలోకి పోయి ఆ బస్తా మీద గుర్రు పెట్టేవాడు. మీ పథకం వల్ల ఈ భూమ్మీద బాగుపడిందెవరయ్యా అంటే అతనొక్కడే.

చేతులు ఊపకండి, సెలైను గొట్టం లాగుతోంది. పైనుంచి చెప్పారనే కదా అంటారు? తెలుసు. అందరికీ పైనుంచే చెబుతారు. వానక్కూడా పైనుంచే చెబుతారు.

సరే. పిచ్చుక దగ్గరికొస్తా.

ఆ పిల్లకి ఆ పేరు పెట్టింది నేనే. చేరిన రోజునే పెట్టాను. ఇంతే మనిషి, ఒక చోట నిలవదు, ఈ మంచం మీంచి ఆ మంచానికి ఎగిరినట్టే ఉంటుంది. కానీ ఆ చెయ్యి! కుడిచెయ్యి! పసిపిల్లలకి నరం దొరక్కపోతే పెద్ద పెద్ద డాక్టర్లే "పిచ్చుకని పిలవండి" అనేవాళ్ళు. బొటనవేలితో ఇలా తడిమేది, ఏదో పాట గొణిగేది, పిల్లాడు ఏడవడానికి నోరు తెరిచేలోపల సూది దిగిపోయేది. నాకు ఇరవై ఏళ్ళ సర్వీసు, నాకు రాదు ఆ విద్య. కుళ్ళుకునేదాన్ని కూడా. ఆ తర్వాత ముద్దొచ్చేది.

మొగుడు లిఫ్టులు రిపేరు చేస్తాడు. మంచివాడే, కాస్త నెమ్మది. అత్తగారికి చూపు ఆనదు. బళ్ళో చేరిన చిన్న కూతురు ఒకతె. పొద్దున్నే పిల్లకి జడలేసి బడి బస్సెక్కించాలంటే ఇదే వెళ్ళాలి. అత్తగారు వేస్తే ఒక జడ తూర్పుకి, ఒకటి పడమటికి. అందుకని నైట్ డ్యూటీ దిగడం, స్కూటరెక్కడం, పరిగెత్తడం. రోజూ అదే పని.

ఆ రాత్రి పిల్లల వార్డులో ఇద్దరుండాల్సిన చోట ఇదొక్కతే ఉంది. ఇంకొకామె సెలవు. మారుగా ఎవర్నీ వేయలేదు. మీ మీద కాదులెండి, అది వేరే మహానుభావుల పని. జ్వరాల రోజులు, పడకలన్నీ నిండి నేల మీద కూడా పరుపులేశారు. తెల్లారేముందు ఒక పసివాడు పోయాడు. తల్లి దీన్ని పట్టుకుని వదల్లేదట. ఒళ్ళంతా ఆవిడ కన్నీళ్ళతోనే డ్యూటీ దిగింది.

నేనప్పుడే పొద్దుటి డ్యూటీకొచ్చాను. మొహం చూసి, "పోవే, ఇంటికి పో, మిగిలింది నేను రాసుకుంటా" అన్నాను. పోయేదే. వరండాలో మీరెదురయ్యారు.

గుర్తుందా మేడమ్? నీలం చీర కట్టుకున్నారు. చేతిలో మైకు, వెనక కెమెరా అతను. ఆ రోజే మీ "హాయి నిద్ర" క్లాసు. నిద్ర గురించిన క్లాసు. రాత్రంతా నిద్రలేనివాళ్ళకి. పొద్దున్నే. ఆ ముహూర్తం పెట్టిన బుర్రకి దండం పెట్టాలి! నైట్ డ్యూటీ వాళ్ళూ పగటి డ్యూటీ వాళ్ళూ ఇద్దరూ దొరికే వేళ అదొక్కటేనట. దొరకడం! చేపలు పట్టినట్టు.

పిచ్చుక అడిగింది. నేను విన్నాను, అక్కడే ఉన్నాను. "మేడమ్, ఇవాళొక్క రోజు వదిలేయండి. రాత్రి బాబు పోయాడు. కళ్ళు మూతలు పడుతున్నాయి. మా పాపని బస్సెక్కించాలి" అంది.

మీరేమన్నారు? భుజం మీద చెయ్యేశారు. చాలా ప్రేమగా, నేను కాదనను, చాలా ప్రేమగా, "నీలాంటివాళ్ళ కోసమేనమ్మా ఈ క్లాసు" అన్నారు.

ఆ మాట మీరు చెడ్డ మనసుతో అన్లేదు, తెలుసు. అదే నాకు మండేది. చెడ్డవాళ్ళయితే తిట్టి ఊరుకుందును. మీరు నమ్మారు! దాని కళ్ళ కింద నలుపు చూస్తూ, దాని మాట వింటూ, మీ గోడ మీది కాగితం బొమ్మనే నమ్మారు.

కళ్ళు తిప్పుకోకండి. ఇంకా అవలేదు.

హాల్లో ఏం చేశారు? తెరలు దించారు. దీపాలు తగ్గించారు. చల్లటి గాలి పెట్టారు. వీణలాంటిదేదో సన్నగా మోగుతోంది. "కళ్ళు మూసుకోండి. పాదాలు బరువెక్కుతున్నాయి. చేతులు బరువెక్కుతున్నాయి" అన్నారు. బరువెక్కక చస్తాయా మేడమ్? ఎప్పుడో ఎక్కాయి! ఆ వెంటనే, "కానీ నిద్రపోకూడదు, గమనిస్తూ ఉండండి" అన్నారు. ఆకలితో ఉన్నవాడి ముందు విస్తరేసి, అన్నీ వడ్డించి, వాసన మాత్రమే చూడు నాయనా అన్నట్టు.

సగం హాలు గుర్రు పెట్టింది. పిచ్చుక కుర్చీలోనే ఒరిగిపోయింది, నోరు తెరుచుకుని, పక్కనున్న నా భుజం మీద. చిన్నపిల్లలా ఉంది. నేను కదల్లేదు. కదిలితే లేస్తుందని చెయ్యి తిమ్మిరెక్కినా అలాగే కూర్చున్నాను. మీ కెమెరా అతనొచ్చి దగ్గరగా ఫోటో తీశాడు. అది అందరి ఫోన్లకీ వచ్చింది. "మా క్లాసు ఎంత బాగా పనిచేసిందో చూడండి" అని, పక్కన నవ్వు బొమ్మలు.

ఆ తర్వాత చప్పట్లు కొట్టి లేపారు. ఉలిక్కిపడి లేచింది, "ఏ పడక? ఏ పడక?" అంటూ. అందరూ నవ్వారు. నేనూ నవ్వినట్టే ఉన్నాను. ఆ తర్వాత ప్రశ్నలు, జవాబులు. మంచి నిద్రకి శత్రువు ఏది? టీ. ఇంకా? ఫోను. ఇంకా? దిగులు. ఉద్యోగం అని ఒక్కరూ అన్లేదు. కడుపు చించుకుంటే కాళ్ళ మీదే కదా పడేది. ఆఖర్న అందరూ బొటనవేళ్ళు పైకెత్తి నిలబడి ఫోటో. అందులోనూ ఉంది అది. కళ్ళు సగం మూసుకుని.

ఇంతా అయ్యాక, పిల్ల బడి బస్సు పోనే పోయింది. అత్తగారు ఫోన్ చేసింది, ఇక్కడ గుమ్మంలో కూర్చుని ఏడుస్తోంది తల్లీ, నువ్వొస్తేగానీ లేవదట అని. "ఉండవే, కాస్త మొహం కడుక్కుని పో" అన్నాను. "పర్లేదక్కా, గాలికి నిద్ర పోతుంది" అని స్కూటరెక్కేసింది.

గాలికి పోలేదు.

ఆ మలుపు దగ్గర, కొత్త కట్టడం ముందు, ఇసక లారీ ఆగి ఉంది. ఆగి ఉన్న లారీ మేడమ్! రోడ్డంతా ఖాళీ. చూసినవాళ్ళు చెప్పారు, ముందే అనుకున్నట్టు తిన్నగా వెళ్ళి తగిలిందట. బ్రేకు కూడా వేయలేదు.

మా పొట్టాయన అంబులెన్సులోనే తెచ్చాడు. దిగుతూనే ఏడుస్తున్నాడు. నన్ను కిందికి పిలిచారు. హెల్మెట్ ఉంది కనక తల దక్కింది. కుడి మణికట్టు... నేనెన్నో చూశాను. ఎముకలు చర్మం చీల్చుకుని రావడం చూశాను, వేళ్ళు సంచీలో వేసుకుని తెచ్చినవాళ్ళని చూశాను. దాని చెయ్యి చూడలేకపోయాను. మొహం తిప్పేసుకున్నా.

"అక్కా, నేను నిద్రపోలేదక్కా. కళ్ళు మూసి తెరిచానంతే" అంది. రెండోసారీ అదే అంది. మూడోసారీ అదే. తప్పు చేసిన పిల్ల టీచరుతో చెప్పినట్టు.

పలక ఎందుకండీ ఇప్పుడు? ఏం రాస్తారు? "నేనూ వచ్చాను" అనా? వచ్చారు. పూలు తెచ్చారు. ఆపరేషన్ గది బయట దాని అత్తగారి పక్కన కూర్చున్నారు. ఆవిడకి చూపానదు కనక మీరెవరో తెలీక, మీ చెయ్యి పట్టుకుని కూర్చుంది. నేను చూశాను. ఆ పూట మీ మీద కాస్త జాలి కూడా వేసింది. ఆ జాలి మర్నాటిదాకా నిలవలేదు.

మర్నాడు కోటు సారు పిలిచాడు. పరిపాలన చూసే ఆ పెద్దమనిషే, ఎంత ఎండలోనూ కోటు విప్పనివాడు. కూర్చోమన్నాడు. ఇన్నేళ్ళలో ఆ గదిలో నన్ను కూర్చోమనడం అదే మొదటిసారి. అప్పుడే అనుకున్నా, ఏదో మెడకి చుడుతున్నాడని. "పెద్ద సిస్టర్‌గారూ, మీ మాటకి విలువుంది" అన్నాడు. "పాపం ఆ అమ్మాయి డ్యూటీ దిగాక, బయట, సొంత బండి మీద... మనకేం సంబంధం లేదు. అయినా మనసున్నవాళ్ళం. ఒక్క మాట చెప్పండి చాలు, క్లాసుకి ఇష్టమైనవాళ్ళే వచ్చారని."

"ఇష్టమైతే వరండాలో నిలబడి పట్టుకోరు కదండీ" అన్నాను.

అప్పుడు మీరు రాసిచ్చింది చదివి వినిపించాడు. స్వచ్ఛందం! ఎంత అందమైన మాట మేడమ్. నోరు తిరగడానికే నాకు రెండు రోజులు పట్టింది. "హాజరు పూర్తిగా స్వచ్ఛందం. ఎవరినీ బలవంతపెట్టలేదు." కింద మీ పేరు. మీరు అప్పటికే ఇచ్చేశారు. పూలు తెచ్చిన సాయంత్రమే.

అడుగుతున్నా, ఆ ముసలావిడ చెయ్యి వదిలి తిన్నగా ఆ గదిలోకే వెళ్ళారా? మధ్యలో చెయ్యైనా కడుక్కున్నారా?

...ఏడవకండి. ఏడిస్తే గొంతు బిగుస్తుంది, కుట్లు లాగుతాయి. ఇదిగో, తుడుచుకోండి. మీ కన్నీళ్ళ కోసం చెప్పడం లేదు. నాకు వాటితో పనిలేదు. మీకూ ఇల్లుంది, పైన కోటు సారున్నాడు, ఆసుపత్రికి ఏదో బిరుదు రావాలంటే క్లాసుల్లో మనుషులు తగ్గకూడదన్నాడు. అన్నీ తెలుసు. అందరికీ కారణాలుంటాయి. ఆగి ఉన్న ఇసక లారీకి కూడా అక్కడ ఆగడానికి ఏదో కారణం ఉండే ఉంటుంది.

నేను చెప్పనన్నాను. ఉద్యోగం పోతే పోయింది, ఆ మాట నా నోట రాదన్నాను. వచ్చేశాను.

ఆ తర్వాత మీరు గొంతు పోయిందని సెలవు పెట్టారు. మీకు తెలీనిది ఇక్కణ్ణించి.

మేమందరం క్యాంటీన్లో కూడాం. మాట్లాడుకున్నాం. ఇన్నేళ్ళకి మొదటిసారి మా వాళ్ళందరూ ఒక్క మాట మీదకొచ్చారు మేడమ్, నాకే ఒళ్ళు పులకరించింది. ఎవరూ ఇక ఏ క్లాసుకీ వెళ్ళొద్దు. పిచ్చుక కేసు పెడితే అందరం వచ్చి చెప్పాలి, మమ్మల్ని కట్టేసి కూర్చోబెట్టారని. అంబులెన్సు ఆయన బల్ల గుద్ది చెప్పాడు, మొదటి సాక్షిని నేనే అని. నేనైతే ఎగిరెగిరి పడ్డాను. ఆ సాయంత్రమే దాని ఇంటికి బయల్దేరాను. శుభవార్త మోసుకెళ్తున్నట్టు.

ఒకటే గది, పక్కన వంటిల్లు. మంచం మీద గోడకి ఆనుకుని కూర్చుంది. చేతికి మోచేతి దాకా కట్టు. దాని మీద పాప రంగు పెన్సిళ్ళతో పిచ్చుకలు వేసింది, అవి పిచ్చుకలో బాతులో దానికే తెలియాలి. అత్తగారు ముద్దలు కలిపి నోట్లో పెడుతోంది. చూపానదు కదా, ఒక ముద్ద నోట్లో, ఒక ముద్ద గెడ్డం మీద. అది నవ్వుతోంది. నవ్వుతూ తింటోంది.

నేను గుక్క తిప్పుకోకుండా చెప్పాను. అందరం ఉన్నాం, నువ్వు ఊఁ అను చాలు, వాళ్ళ కోటు విప్పిస్తాం అన్నాను.

అది మొగుడి మొహం చూసింది. అతను చెంబు తీసుకుని నీళ్ళ కోసమని వంటింట్లోకి పోయాడు.

"అక్కా, ఇచ్చేశానక్కా" అంది.

"ఏమిచ్చావే?"

"ఇష్టంగానే క్లాసుకెళ్ళానని కాగితం ఇచ్చాను. నిన్న సారు వచ్చాడు. ఆపరేషన్ ఖర్చు వాళ్ళే పెట్టుకుంటారట. ఇంకో ఉద్యోగం ఇస్తానన్నాడు, కూర్చుని చేసేది."

"ఛీ! అమ్ముడుపోయావా?" అన్నాను. ఆ మాట అనేశాను మేడమ్, ఆ పసిదాని ముందు.

అది కోప్పడలేదు. ఎడం చేత్తో కూతురి తల నిమురుతూ అడిగింది. "కేసు గెలిస్తే నా బొటనవేలు వంగుతుందా అక్కా? డాక్టరుగారు వంగదన్నారు. సూది పట్టలేని నర్సుకి ఎవరు పనిస్తారు? మీరందరూ నాకోసం వస్తారు, నాకు తెలుసు. ఒకసారి వస్తారు, రెండోసారి వస్తారు. ఆ తర్వాత మీకూ డ్యూటీలుంటాయి కదా."

మీ దగ్గర జవాబుంటే పలక మీద రాయండి, చూస్తాను.

అతను నీళ్ళు తెచ్చిచ్చాడు. "వదినగారూ, ఏమనుకోకండి" అన్నాడు. నేనేం అనుకోను నాయనా అని తాగి, చెంబు కింద పెట్టి, వచ్చేశాను. దారంతా తిట్టుకుంటూనే ఉన్నాను. ఎవర్ని తిడుతున్నానో నాకే తెలీలేదు.

ఇప్పుడది ఎక్కడ కూర్చుంటోందో తెలుసా మేడమ్? మీ గదిలోనే. మీ బల్ల పక్కన చిన్న బల్ల వేశారు. పని ఏమిటంటారా? మీ క్లాసులకి మనుషుల్ని పిలవడం! ఫోన్లో! ఎవరు రాలేదు, ఎందుకు రాలేదు, బతిమాలి తేవడం. మా వాళ్ళు క్లాసులు మానేశారు కదా, కోటు సారు చూశాడు చూశాడు, అమృతం లాంటి ఉపాయం కనిపెట్టాడు. మీరు పిలిస్తే రాని గొడ్లు ఎవరు పిలిస్తే వస్తాయో కనిపెట్టాడు. ఏమి బుర్ర! ఆ కోటు కింద ఏముందో ఇప్పుడు తెలిసింది.

ఆ ఉద్యోగం కూడా గట్టిది కాదు. మనుషులు వస్తేనే ఉంటుంది. రాకపోతే ఆ కుర్చీ అక్కర్లేదన్నాడట.

మొన్న నాకు ఫోనొచ్చింది. ఎడం చేత్తో నొక్కిందేమో, రెండుసార్లు తప్పు పోయిందట. "అక్కా, నేనే. రేపు పొద్దున క్లాసుంది. వస్తావా?" అని అడిగింది. "ఇష్టమైతేనే అక్కా" అంది.

ఇష్టమైతేనే! వినండి మేడమ్, ఇదీ స్వచ్ఛందం అంటే. ఇప్పుడు అర్థమైంది నాకా మాట.

వెళ్ళాను. అందరం వెళ్ళాం. బల్ల గుద్దిన పొట్టాయన కూడా తల దించుకుని నా వెనకే వచ్చి కూర్చున్నాడు. హాలు నిండిపోయింది. మీరున్నప్పుడు కూడా అంతమంది రాలేదు, నిజం. గుమ్మం దగ్గర నిలబడి అందరికీ నమస్కారం పెట్టింది మా పిచ్చుక. కుడి మణికట్టు వంగదు కదా, ఒక చేత్తోనే పెట్టింది.

మీ బదులు ఎవడో కుర్రాడొచ్చాడు. చక్కగా దువ్వుకున్నాడు. ఆ పూట పాఠం ఏమిటో తెలుసా? కోపాన్ని వదిలించుకోవడం. ఒట్టు! కోపం గుండెకి మంచిది కాదట. "పిడికిలి బిగించండి. ఇంకా గట్టిగా. మీకు ఎవరి మీద ఎంత కోపముందో అంతా ఆ పిడికిట్లో పెట్టండి" అన్నాడు.

బిగించాం. వెర్రి కుంక, వాడికేం తెలుసు ఆ హాల్లో పిడికిళ్ళ గురించి! నా గోళ్ళు అరచేతిలో దిగాయి. పక్కకి చూశాను. పిచ్చుక కూడా అందరితోపాటు బిగిస్తోంది. ఎడం చెయ్యి మూసుకుంది. కుడిచెయ్యి మూసుకోవడం లేదు. అలా చూస్తోంది దానికేసి. ఎవరిదో చెయ్యి చూసినట్టు.

"ఇప్పుడు వదిలేయండి" అన్నాడు.

ఒకరి తర్వాత ఒకరు వదిలేశారు. నేను కాసేపు పట్టుకున్నాను. వదలకపోతే ఏమవుతుందో చూద్దామని. ఏమీ కాలేదు మేడమ్. వాడు నవ్వుతూ నాకేసి చూశాడు, పిచ్చుక భయంగా చూసింది. నేనూ వదిలేశాను.

ఏం చేయమంటారు? పైన వార్డులో ఇంజక్షన్లున్నాయి. పిడికిలితో సూది పట్టుకోలేం కదా.

...ఇంక చాలు. మీరు అలిసిపోయారు, నేనూ వాగి వాగి అలిసిపోయాను. మీ సూది దిగిన చోట వాచింది, పక్క నరానికి మార్చాలి. పిచ్చుక ఉంటే తెలిసేది కూడా కాదు మీకు. నేను గుచ్చితే కాస్త నొప్పి. ఓర్చుకోవాలి.

చెయ్యి ఇలా ఇవ్వండి. పిడికిలి బిగించండి. ఇంకొంచెం. అరవకండి, గొంతు... ఆఁ. అయిపోయింది.

ఇక వదలండి.